మైసి చేతికి సరిపోయే తుపాకి

ఫాల్గుణ బహుళ పాడ్యమి

ఈ ఉదయం నా కూతురు మైసి చెయ్యి కొలిచాను. మోచేయి మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా. తుపాకి వెనక కర్ర అంతకు మించి పొడవుంటే పిల్ల దాన్ని భుజానికి ఆనించలేదు. మెడ సాగదీస్తుంది, గురి పోతుంది. ఒక జొన్నకట్టెను ఆ కొలతకు విరిచి, నడుముకు దోపుకుని దస్తగిరన్న ఇంటికి వెళ్ళాను.

మా గుండ్లవాయిలో ఉన్న తుపాకులన్నీ దస్తగిరన్న దగ్గరే ఉంటాయి. చేలమీద పందులు పడినప్పుడు ఆయన ఇస్తాడు, నేను కాలుస్తాను. ఏ తూటా ఎందుకు ఖర్చయిందో రాసి ఉంచాలన్నది మా ఊరి కట్టుబాటు. ఈసారి సంగతి పందులది కాదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఆయన నులకమంచం మీద మూడు తుపాకులు పరిచాడు. ఒకటి కాలువల యుద్ధం నాటి సిపాయి రైఫిల్. రెండోది నేను పందులకు వాడే రెండు గొట్టాలది. మూడోది చిన్న రైఫిల్. ఒకప్పుడు పట్నంలో బడిపిల్లలు పోటీల్లో వాడేవారట. ఒకసారికి ఒకే తూటా పడుతుంది.

ఊరిపెద్ద పీరయ్య మామ అప్పటికే అక్కడ కూర్చున్నాడు. చనిపోయిన నా భర్తకు మేనమామ. సిపాయి రైఫిల్ మీద చెయ్యి వేసి, "ఇది పెట్టు ఈశ్వరమ్మా. కొంగ మెడకాడి అద్దం మందంగుంటది," అన్నాడు.

"అది నన్నే వెనక్కి తంతది మామా. ఎనిమిదేండ్ల పిల్లను తన్నకుంటదా? ఒక్కసారి తన్నిందంటే రెండోసారి కండ్లు మూసుకునే కాలుస్తది. ఇగ ఆ భయం పోదు."

"చిన్నదానితోని అద్దం పగలకపోతే?"

దస్తగిరన్న మధ్యలో అందుకున్నాడు. "దగ్గర్నుంచి పగులుతది. పోయిన వానకాలం వడగండ్లకు మెడకాడ అద్దం చీలిందని పిల్లలే చెప్పిండ్రు గద."

నేను చిన్న రైఫిల్ తీసుకున్నాను. తేలిక, తన్నదు, చప్పుడు తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, ఒకటి కాల్చాక మళ్ళీ తూటా పెట్టుకోవాలంటే పిల్ల ఆగాలి. ఆగితే ఆలోచిస్తుంది. కర్ర మాత్రం జొన్నకట్టె కంటే బెత్తెడు ఎక్కువ ఉంది. దస్తగిరన్న రంపం తెచ్చాడు.

కర్ర కోస్తుంటే నీళ్ళకు పోయిన పిల్లలు తిరిగొచ్చారు. ఐదుగురు. చంకలో ఒక్కొక్క డబ్బా. నెత్తిన పెట్టుకోవడం మానేశారు. పీరయ్య మామ మనవరాలు సాయవ్వ నెత్తిన డబ్బా పెట్టుకుని వస్తుండగానే కొంగ ఆమెను కాల్చింది. డబ్బాతో కలిపి ఆమె ఎత్తు గీత దాటింది. పదకొండేళ్ళ పిల్ల. బతికింది కానీ కుడిచెయ్యి లేవదు.

ఫాల్గుణ బహుళ షష్ఠి

కొంగ అంటే పక్షి కాదు. పంపుహౌస్ ముందు ఆవరణ నడుమ ఇనుప స్తంభం మీద ఒంటికాలిపై నిలబడిన కావలి యంత్రం. నీళ్ళు ఎవరూ దోచుకుపోకుండా యుద్ధంలో దాన్ని పెట్టారు. పెట్టినవాళ్ళు పోయారు. అది ఎండ తాగి బతుకుతోంది. చుట్టూ పాతిన ఎర్రరాళ్ళు దాటి పెద్దవాళ్ళు ఎవరు వెళ్ళినా ముక్కు దించుతుంది, కాలుస్తుంది. చిన్నపిల్లల జోలికి మాత్రం పోదు. తయారుచేసిన వాళ్ళకు ఆ మాత్రం సిగ్గు ఉన్నట్టుంది. అందుకే మా ఊరికి నీళ్ళు మోసేది పిల్లలు. బయలుదేరే ముందు రాళ్ళ దగ్గర పాతిన గుంజకు వీపు ఆనించి నిలబడతారు. గుంజ మీది గాటు దాటి తల పైకి వస్తే ఆ పిల్ల ఇక వెళ్ళదు.

ముందునుంచి కాలిస్తే దానికి ఏమీ కాదు. మెడ వెనక అద్దం ఒకటి ఉంది. అది పగిలితే గుడ్డిదవుతుంది. రాళ్ళ అవతల నుంచి మా తుపాకులు దాన్ని అందుకోలేవు. లోపలికి వెళ్ళగలిగేది పిల్లలే. ఐదుగురిలో మైసి చెయ్యే నిలకడగా ఉంటుంది. నిండు ముంతను తొణకకుండా తెచ్చేది అదే. ఊరంతా నా ఇంటి ముందు నిలబడి అడిగినప్పుడు నేను కాదనలేకపోయాను. ఊళ్ళో బోరు ఉప్పుబారింది. గుట్టమీది తొట్టిలో నీళ్ళు అడుగంటుతున్నాయి. పంపు తిరిగితే తప్ప వేసవి గడవదు.

ఐదు రోజులుగా తూటా లేకుండానే నేర్పుతున్నాను. మొదటిరోజే ఒక చిక్కు వచ్చిపడింది. మైసి రాసేది కుడిచేత్తో. కానీ రెండు అరచేతులు కలిపి మధ్యలో సందు చేసి దూరపు రాయిని చూడమంటే సందును ఎడమకంటి దగ్గరికి తెచ్చుకుంది. మళ్ళీ చూడమన్నాను. మళ్ళీ ఎడమకన్నే.

"నీ గురి ఎడమ కంట్ల ఉన్నదే. తుపాకి ఎడమ భుజానికి పెట్టు."

"అట్ల పెడితే చెయ్యి వంకరగుంటదమ్మా."

"నాలుగు దినాలు వంకరగుంటది. తర్వాత అదే సక్కగైతది."

నాలుగు రోజులు పట్టలేదు. మొన్నటికే చక్కబడింది. నిన్న సాయంత్రమే నవ్వుతూ గొట్టాన్ని మేకపిల్ల వైపు తిప్పి "ఠాప్" అంది. లోపల తూటా లేదు. అయినా తుపాకి లాక్కుని దస్తగిరన్న ఇంట్లో పెట్టి వచ్చాను. ఇవాళంతా ఇవ్వలేదు.

"ఉత్తదే గదమ్మా!" అని ఏడ్చింది.

"ఉత్త తుపాకి అనేది లోకంల లేదు. ప్రాణమున్న దేనిదిక్కు గొట్టం తిప్పొద్దు. కాల్చాలనుకునేదాక వేలు లోపల పెట్టొద్దు. ఈ రెండూ రాకపోతే నీకు గురి వచ్చినా రానట్టే."

సాయంత్రం పీరయ్య మామ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఇంకెన్ని దినాలు?" అని అడిగాడు.

"పిల్లకు వచ్చేదాక."

"తొట్టికి ఆ సంగతి తెల్వదు బిడ్డా," అని వెళ్ళిపోయాడు.

ఫాల్గుణ బహుళ ద్వాదశి

ఆరు తూటాలు. ఎండిన సొరబుర్రను తాడుకట్టి చింతకొమ్మకు వేలాడదీసి కాల్పించాను. మొదటి రెండూ పోయాయి. మూడోది బుర్ర మెడకు తగిలింది. మైసి నా వైపు తిరిగి నవ్వింది. తిరిగేటప్పుడు గొట్టం నేలవైపే ఉంచింది, వేలు బయటే ఉంచింది. నాకు అదే గొప్పగా తోచింది. గర్వపడ్డాను. వెంటనే ఈ గర్వం ఎందుకోసమో గుర్తొచ్చి, మిగతా మూడు తూటాలు ఎలా కాల్చిందో సరిగ్గా చూడలేకపోయాను. రెండు తగిలాయని దస్తగిరన్న చెప్పాడు.

ఆ తర్వాత తాడును ఊపి, కదిలే బుర్రను చూపించాను, కాల్చకుండా. కొంగ తల నిలకడగా ఉండదు, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. మెడ వెనక అద్దం మైసి వైపు వచ్చేది ఒక శ్వాస పీల్చి వదిలేంత సేపే.

ఇంటికొస్తుంటే అడిగింది: "సాయక్కకు తాకినట్లే దానికి తాకుతదా?"

"అది యంత్రమే. దానికి నొప్పుండదు."

"అయితే సాయక్కను కాల్చినప్పుడు దానికి ఏమనిపియ్యలేదా?"

లేదన్నాను.

చైత్ర శుద్ధ తదియ

ఉగాది తలంట్లు లేకుండా గడిచింది. పచ్చడి మాత్రం ఇంటికి చెంచాడు చేసుకున్నాం.

నిన్న ఒక కర్రను తుపాకి ఆకారంలో చెక్కి మైసి చేతికిచ్చి పిల్లలతో లోపలికి పంపాం. కొంగ తల తిరుగుతూ తిరుగుతూ దాని మీద ఆగింది. కాసేపు చూసింది. మళ్ళీ తిరిగింది. ఇవాళ తూటా లేని రైఫిల్‌ను గోనెసంచిలో చుట్టి పంపాం. ఇంకా ఎక్కువసేపు చూసింది. ముక్కు మాత్రం దించలేదు. నేను పంపుహౌస్ పెరటివైపు రాళ్ళ దగ్గర నిలబడ్డాను. ఆ వైపు ప్రహరీ కూలిపోయి ఆవరణ మొత్తం కనబడుతుంది. నా బిడ్డ ఎర్రటి ఎండలో సంచి పట్టుకుని, తల వంచుకుని, దాని చూపు కింద నిలబడి ఉంది.

తిరిగి వచ్చాక పీరయ్య మామతో గట్టిగానే అన్నాను. "దానికి అనుమానమొచ్చింది మామా. ఈ పని వద్దు."

"ముక్కు దించిందా? దించలే గద."

"సంచి విప్పితే దించుతదేమో ఎవరికెరుక?"

"విప్పకపోతే ఏమైతదో నాకెరుక. నలుగురు చంటిపిల్లలకు విరేచనాలు పట్టినయి. ఉప్పునీళ్ళు తాగి. చూసొస్తవా?"

చూసి వచ్చాను. చూడకుండా ఉండవలసింది.

ఇంటికొచ్చాక మైసిని తలుపు దగ్గర నిలబెట్టాను. గుంజ మీది గాటంత ఎత్తులో తలుపు మీదా ఒక గీత ఉంది. జుట్టు అణచి చెయ్యి పెడితే నా వేలు గీతను తాకింది. ఎండాకాలం పిల్లలు మొక్కజొన్నలా ఎదుగుతారు. ఇంకో నెల ఆగితే లోపలికి వెళ్ళడానికే మైసి పనికిరాదు. ఆ మాట ఊరికి చెప్పి, ఈ సంగతి ఇక్కడితో ఆపేద్దామా అని చాలాసేపు ఆలోచించాను. తర్వాత వంతు దస్తగిరన్న కొడుకుది. వాడికి ఆరేళ్ళు. చెయ్యి వణుకుతుంది.

రాత్రే పీరయ్య మామకు కబురు పంపాను, పౌర్ణమికి ముందే కానిద్దామని.

చైత్ర బహుళ పంచమి

పదిహేను రోజులకు పైగా రాయలేదు. ఇప్పుడూ పడుకునే రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

త్రయోదశి నాడు పొద్దెక్కకముందే రాళ్ళ దగ్గరికి వెళ్ళాం. ఊరివాళ్ళంతా బాటవైపు, దూరంగా నిలబడ్డారు. మిగతా పిల్లల్ని ఇళ్ళలో ఉంచారు. మైసి గుంజకు ఆనుకుని నిలబడింది. గాటుకు సరిగ్గా కింద. దస్తగిరన్న తూటా పెట్టి రైఫిల్‌ను సంచిలో చుట్టి ఇచ్చాడు. నేను మైసి మొహం కడిగి జడ బిగించాను.

"ముక్కు నీ దిక్కు దిగితే ఏం చేస్తవ్?"

"తుపాకి కింద పెట్టి బోర్లా పండుకుంట. కదలను."

"కొట్టాలని చూస్తవా?"

"చూడనమ్మా."

"పగలకపోయినా ఏం కాదు. నువ్వు రావాలె, అంతే."

మైసి బాటవైపు నుంచి లోపలికి నడిచింది. నేను చుట్టూ పరుగెత్తి కూలిన ప్రహరీ వైపుకు చేరాను. నడుమ కొంగ. దానికి అటు మైసి, ఇటు నేను.

ఆవరణలో పగిలిన పెద్ద గొట్టం ఒకటి పడి ఉంటుంది. మైసి దాని పక్కన కూర్చుని సంచి విప్పింది. పడుకుంది. ఎడమ భుజానికి రైఫిల్ ఆనించింది. నేర్పినట్టే, ఒక్కటీ మరవకుండా. కొంగ తల ఒక చుట్టు తిరిగింది. అద్దం మైసి వైపు వచ్చింది, పోయింది. కాల్చలేదు. మొదటి చుట్టు చూడటానికే అని నేనే చెప్పాను. రెండో చుట్టు సగంలో తల ఆగింది. మైసి మీద ఆగింది. ముక్కు దిగింది.

దిగిన ముక్కు మళ్ళీ లేవడం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. రెండు మూడు శ్వాసల సేపు ఆగుతుంది, అంతే.

మైసి తుపాకి కింద పెట్టింది. చేతులు చాపి బోర్లా పడుకుంది. కదల్లేదు. ముక్కు లేవలేదు.

అప్పుడు నేను ఏమీ ఆలోచించలేదు. నా కాళ్ళు రాళ్ళు దాటాయి. "ఓ కొంగా! ఇటు! ఇటు చూడవే!" అని అరుస్తూ, చీర మోకాళ్ళపైకి లాక్కుని అడ్డంగా పరుగెత్తాను. అది తల తిప్పింది. అంత వేగంగా తిరగగలదని నాకు తెలియదు. నల్లటి కన్ను నన్ను పట్టుకుంది. తొడలో ఎవరో గునపం దించినట్టయింది. పడ్డాను. లేవబోతే కాలు లేదనిపించింది. ముక్కు నా వెంటే కిందికి వచ్చింది. దాని కింద నుంచి మైసి కనబడింది. లేచి కూర్చుంది. మోకాలి మీద. నేను పడుకుని కాల్చడమే నేర్పాను. మోకాలి మీద కాల్చడం నేర్పలేదు.

చిన్న చప్పుడు. ఎండుకొమ్మ విరిగినట్టు.

కొంగ నా వైపే చూస్తూ ఆగిపోయింది. చాలాసేపు ఎవరూ కదల్లేదు. చివరికి దస్తగిరన్న ఒక్కడే రాళ్ళు దాటి నడిచొచ్చాడు. అది కదలకపోవడం చూసి మిగతావాళ్ళూ వచ్చారు.

సాయంత్రానికి పంపు తిరిగింది. తొట్టిలో నీళ్ళు పడుతున్న చప్పుడు మా ఇంటిదాకా వినిపించింది. ఊరంతా తడిసి ఆడిందట. నాకు జ్వరం. మైసి ఆటకు వెళ్ళలేదు. నా మంచం పక్కన గోడ వైపు తిరిగి కూర్చుంది. పిలిస్తే ఒక్కసారిగా విరుచుకుపడింది.

"నువ్వెందుకొచ్చినవ్? నేను నువ్వు చెప్పినట్లే పండుకున్న గద! నువ్వు మాత్రం ఎందుకు రాళ్ళు దాటినవ్?"

"అది నిన్ను కాలుస్తుండె బిడ్డా."

"నిన్ను కాల్చింది గద!" అని నా చేతిని గుద్దింది. గుద్ది ఆ చేతి మీదే తల పెట్టుకుని నిద్రపోయింది.

అప్పటి నుంచి ఒక సంగతి నన్ను వదలడం లేదు. కొంగ ఒకసారికి ఒక్కరినే చూస్తుంది. దాని చూపుకు ఒకరు అడ్డంపడితే రెండోవారు వెనకనుంచి వెళ్ళవచ్చు. పిల్లే కానక్కరలేదు. ఇన్నేళ్ళుగా ఈ మాట ఎవరికీ తోచలేదని నేను నమ్మను. తోచే ఉంటుంది. చూపుకు అడ్డంపడేది ఎవరన్న ప్రశ్న వస్తుందని ఎవరూ పైకి అనలేదు. నేనూ అనలేదు. కట్టెతో పిల్ల చెయ్యి కొలవడమే మా అందరికీ తేలికైంది.

వైశాఖ శుద్ధ విదియ

కర్ర ఊతంతో గుమ్మందాకా నడవగలుగుతున్నాను. రైఫిల్ దస్తగిరన్న ఇంట్లోనే ఉంది. మైసి అడగలేదు, నేను ఇవ్వలేదు.

ఇవాళ ఏటిమొగ నుంచి ఒకామె వచ్చింది. పేరు మాణిక్యమ్మ. ఏటి దిగువన వాళ్ళ ఊరు. వాళ్ళకూ ఒక పంపుహౌస్ ఉంది, వాళ్ళకూ ఒక కొంగ. వెంట ఏడేళ్ళ మనవడు. దుమ్ముకొట్టుకుపోయి ఉన్నారు. మైసి ఇద్దరికీ చెంబుతో నీళ్ళిచ్చింది. పిల్లవాడు చెంబు దించకుండా తాగాడు.

పీరయ్య మామ అరుగు మీదే ఉన్నాడు. నాకు దెబ్బ తగిలినప్పటి నుంచి రోజూ వస్తాడు. నా మొహంలోకి చూడడు. కూర్చుని వెళ్ళిపోతాడు.

"అక్కా, మీ పిల్లకు తుపాకి నువ్వే చూసినవంట గద," అంది మాణిక్యమ్మ. "మావానిక్కూడ ఒకటి చూసి పెట్టు. చెయ్యి పెట్టురా, అక్క కొలుస్తది."

పిల్లవాడు బుద్ధిగా చెయ్యి చాపాడు. సన్నటి చెయ్యి. మోచేతి దగ్గర డబ్బా ఒరుసుకున్న మచ్చ. నేను ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాను.

"వీనికి తుపాకి వద్దు మాణిక్యమ్మా. నీకు ఇద్దరు పెద్దోళ్ళు కావాలె. ఒకరు దాని కంట్ల పడనీకె, ఒకరు వెనకనుంచి ఉరుకనీకె. వెనకనుంచి ఉరికి కాల్చనీకె మా దస్తగిరన్న వస్తనంటడు. నేను చెప్పి పంపిస్త."

ఆమె నా కాలివైపు చూసింది. "దాని కంట్ల పడేటందుకు మా ఊర్ల ఎవ్వరు రారక్కా," అంది. "అడిగితే అందరూ తలలు వంచుకుంటరు. అందుకే గద వీన్ని తీస్కొచ్చిన."

పీరయ్య మామ చేతికర్రను నేలకు ఆనించి, రెండుసార్లు ప్రయత్నించి, అరుగు మీంచి లేచాడు. మాణిక్యమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"మీ రాళ్ళకాడినుంచి కొంగ ఎంత దూరమున్నది బిడ్డా?"

"రెండు చేన్లంత ఉంటది పెద్దయ్యా."

ఆయన ఆ దూరాన్ని మనసులో చూసుకుంటున్నట్టు బాటవైపు తిరిగాడు.

"అంత దూరం నేను ఉరుకలేను," అన్నాడు. "నడుస్త."